గుండుసూది నీడ

కిందటేడు మా జిల్లాలో చేతిపనులన్నీ మార్చి నెలాఖరులోగా డిజిటల్ అయిపోవాలని ఉత్తర్వు వచ్చింది. ఇచ్చినవారు జిల్లా కరకళాభివృద్ధి మండలి వారు. బుట్టలల్లేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, తాటాకు విసనకర్రలు కట్టేవాళ్లు అందరూ అవ్వాలి. ఎలా అవ్వాలో ఉత్తర్వులో లేదు. అయ్యారో లేదో చూడటానికి మాత్రం ఒక కమిటీ ఉంది.

మా వీధి చివర కుండలు చేసే సింహాచలం తన కుండను ఫోటో తీసి పంపించాడు. అడుగుభాగం కనిపించడం లేదని వెనక్కి వచ్చింది. అడుగుభాగం తీసి పంపించాడు. లోపలి భాగం కూడా కావాలన్నారు. అదీ తీసి పంపిస్తే చీకటిగా ఉంది, స్పష్టత లేదన్నారు. చివరికి అతను కుండను పగలగొట్టి, పెంకుల్ని ఎండలో వరసగా పరిచి, లోపలా బయటా అన్నీ కనిపించేలా ఫోటో తీశాడు. అది వెంటనే ఆమోదం పొందింది. ఇప్పుడు మండలి ఆఫీసు గోడ మీద ఫ్రేము కట్టించి పెట్టారు. కింద ‘జిల్లాలో తొలి డిజిటల్ కుండ’ అని రాయించారు.

అలాంటి రోజుల్లో, ఎవరూ చెప్పకుండా ముందే డిజిటల్ అయిపోయిన మనిషి జిల్లా మొత్తానికి ఒక్కతే ఉంది. మా ఎదురింటి వారిజ. చిక్కంతా అక్కడే వచ్చింది.

వారిజ భర్త లారీ ఆఫీసులో గుమాస్తా. పెళ్లయి వచ్చిన కొత్తలో మధ్యాహ్నాలు ఏమీ తోచక, పాత శుభలేఖలు కత్తిరించి ఫోటోల చుట్టూ అతికించడం మొదలుపెట్టింది. తర్వాత చీరల అంచుల ముక్కలు, బస్సు టిక్కెట్లు, ఎండబెట్టిన వేపపూత, చాక్లెట్ల మీది బంగారు కాగితం, ఏవి దొరికితే అవి వచ్చి చేరాయి. ఒక ఇంటివాళ్ల ఫోటోలు ఇస్తే, ఆ ఇంట్లో దొరికిన తుక్కుతోనే వాళ్లకొక పుస్తకం చేసి ఇచ్చేది. దాన్ని స్క్రాప్‌బుక్ అంటారని పదేళ్లు చేసిన తర్వాత మా అమ్మాయి చెబితే తెలిసింది. “ఓహో, దీనికి పేరు కూడా ఉందా?” అని వారిజ కాస్త నిరుత్సాహపడింది.

కత్తెర పట్టగా పట్టగా కుడిచేతి బొటనవేలి కీలు వాచిపోయింది. డాక్టరుగారు ఇక కత్తెర ముట్టుకోవద్దన్నారు. కూరలు తరగొచ్చా అని అడిగితే తరగొచ్చన్నారు. వాళ్లాయన ఆ రెండో మాట బాగా గుర్తుపెట్టుకున్నాడు.

నాలుగు నెలలు వారిజ మధ్యాహ్నాలు మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూసింది. ఆ తర్వాత వాళ్లమ్మాయికి కోచింగ్ సెంటర్లో ఇచ్చిన పాత ట్యాబ్ తీసింది. డబ్బాలో దాచిన జరీ ముక్కల్ని, పూల రెక్కల్ని, టిక్కెట్లని ఒక్కొక్కటే ఫోటో తీసి, చుట్టూ ఉన్నదంతా చెరిపేసి, ట్యాబ్‌లో పేజీల మీద అమర్చడం నేర్చుకుంది. చూపుడువేలితో లాగితే చాలు, బొటనవేలితో పనిలేదు.

మొదటి పేజీ నాకు చూపించినప్పుడు ఏదో వెలితిగా అనిపించింది.

“బాగుంది గానీ వారిజా, ఏదీ కాగితం మీద కూర్చోలేదు. అన్నీ గాల్లో తేలుతున్నాయి.”

మర్నాడు పొద్దున్నే గిన్నెలు తోముతున్నదాన్ని ఆపి మరీ లాక్కెళ్లింది. కిటికీ పక్కన బల్ల మీద ఒక టిక్కెట్టు ముక్క పెట్టి ఉంది.

“చూడక్కా. దీని కింద సన్నగా, కుడివైపు. నీడ! నేను నీడ పెట్టలేదు. అందుకే అతుక్కోలేదు.”

అప్పటినుంచి పువ్వు పెట్టినా, గుండీ పెట్టినా, ఉత్తుత్తి గుండుసూది గుచ్చినా, దాని కింద కుడివైపుగా వెంట్రుకంత నీడ వేస్తుంది. వాళ్లింట్లో కిటికీ ఎడమవైపు ఉంది కాబట్టి ఆమె పుస్తకాలన్నిటిలో వెలుగు ఎడమనుంచే వస్తుంది.

ఆ వేసవిలో మా మహిళామండలి వాళ్లం నర్సు ఎలీసమ్మగారికి సన్మానం చేయాలనుకున్నాం. మా పట్నం పురిటాసుపత్రిలో ఆవిడ ముప్పై ఏళ్లు పైబడి పనిచేశారు. కాలవకి అటూ ఇటూ ఉన్న ఇళ్లలో సగం మంది ఆవిడ చేతుల మీదుగానే భూమ్మీద పడ్డారు. ఇప్పుడు ఆవిడకి చూపు బాగా మందగించింది. అరచేయంత అక్షరమైతే తప్ప ఆనదు. శాలువాలు ఇప్పటికే బీరువా నిండా ఉన్నాయట. ఏమివ్వాలా అని మేం ఆలోచిస్తుంటే వారిజ అంది:

“ఆవిడ పురుడు పోసిన పిల్లల ఫోటోలన్నీ పుస్తకం చేస్తాను. కాగితం మీద కాదక్కా, ట్యాబ్‌లో. రెండు వేళ్లతో లాగితే మొహం ఇంతింత అవుతుంది. ఆవిడ చూడగలిగేది అదొక్కటే.”

తల్లులందరికీ కబురు చేశాం. ఫోటోలు వచ్చాయి. ఆసుపత్రిలో మణికట్టుకి కట్టిన చీటీలు, పొత్తిగుడ్డల ముక్కలు, మొలతాళ్లు, ఒకావిడైతే మొదటి పుట్టువెంట్రుకలు కూడా పంపించింది. ఎవరూ పిల్లల అసలు పేర్లు రాయలేదు. చంటి, పండు, బుల్లిబాబు, అమ్మాజీ, ఇవే. ఎవరి పేజీలో వాళ్ల తుక్కు పెట్టి, మణికట్టు చీటీని పక్కనే గుండుసూదితో గుచ్చినట్టు అమర్చింది వారిజ.

సన్మానం కరకళాభివృద్ధి మండలి వారి వార్షిక మేళాలో. మేళాలో ఏ వస్తువు పెట్టాలన్నా అది కళాకారుల కార్డు ఉన్నవాళ్లు చేసిందై ఉండాలి. వారిజ కార్డుకి ఆ నెలలోనే గడువు తీరుతోంది. పునరుద్ధరణ కోసం నమూనా తెమ్మన్నారు. చేతిలో ఉన్న నమూనా అదే కాబట్టి అదే పట్టుకుని బయల్దేరింది. తోడుగా నేనూ కదిలాను.

“దీని కాపీ ఒకటి ఇంకోచోట కూడా దాచి ఉంచు” అన్నాను.

“బీరువాకి తాళం వేసి, మళ్లీ ఇంకో బీరువా ఎందుకక్కా?” అంది.

మండలి ఆఫీసు కౌంటర్ దగ్గర సీనియర్ అసిస్టెంటు ముత్యాలరావుగారు ఉన్నారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. ముందు తక్కెడ ఉంది.

“నమూనా ఏదమ్మా?”

వారిజ ట్యాబ్ పెట్టింది.

“ఇది కంపెనీవాడు చేశాడు కదా. మీరు చేసిందేది?”

“ఇందులో ఉందండి.”

“అయితే తీసి ఇవ్వండి.”

“తీస్తే రాదండి.”

“అతికించేశారా?” అన్నారాయన సానుభూతిగా. “సరే, బరువు వెయ్యాలి. ఆల్బమ్ లేకుండా ఎంతుంటుంది, ఉంటే ఎంతుంటుంది?”

“రెండూ ఒకటేనండి.”

ఆయన నమ్మలేదు. వారిజ చేత ఒకసారి ఆల్బమ్ తెరిపించి తూచారు. మూయించి తూచారు. కాసేపు ముల్లు వైపే చూసి, బరువు గడిలో సున్నా వేసి, దాని చుట్టూ గీత గీశారు. “సున్నా బరువున్న నమూనా నా సర్వీసులో రాలేదమ్మా. ఇది ఎ.డి.గారి దగ్గరికి వెళ్లాలి” అన్నారు.

అసిస్టెంట్ డైరెక్టరు జగదీశ్వరరావుగారి గది చల్లగా ఉంది. ఆయన బల్ల మీద ఒక కొండపల్లి బొమ్మ, రెండు జాతీయ జెండాలు, ‘అంతటా డిజిటల్’ అని రాసిన కప్పు ఉన్నాయి. మమ్మల్ని కూర్చోమన్నారు.

“చూడండమ్మా. మండలి డిజిటలీకరణకు కట్టుబడి ఉంది. అదే సమయంలో హస్తానికి కూడా కట్టుబడి ఉంది. ఈ రెండు కట్టుబాట్ల మధ్యకి మీరు వచ్చి కూర్చున్నారు. కావున మీ హస్తప్రమేయం నిర్ధారించవలసి ఉంది. ఏదీ, చేసి చూపించండి.”

వారిజ చూపుడువేలితో ఒక మల్లెమొగ్గని పేజీ మీదికి లాగి పెట్టి, దాని కింద నీడ వేసింది.

ఎ.డి.గారు కుర్చీలోంచి లేచి వచ్చి, వంగి, ఆమె చేతిని పరిశీలించారు. “హస్తమంటే మణికట్టు మొదలుకొని అయిదు వేళ్లూను. పని జరిగే సమయంలో మిగతా నాలుగు వేళ్లూ ఏం చేస్తున్నాయి?”

“ఊరికే ఉన్నాయండి.”

“నమోదు చేయండి, ముత్యాలరావుగారూ. ఊరికే ఉన్నాయి.” మళ్లీ వంగారు. “ఈ మొగ్గ కింద నల్లగా ఏమిటది?”

“నీడండి.”

“మొగ్గ ఎక్కడుంది?”

“అసలుదా అండి? మా ఇంట్లో డబ్బాలో.”

“వస్తువు మీ ఇంట్లో. నీడ మా ఆఫీసులో.” ఆయన నిటారుగా నిలబడ్డారు. “ఇది ఆడిట్‌లో నిలబడదమ్మా. వస్తువైనా హాజరుపరచండి, నీడనైనా ఉపసంహరించుకోండి.”

నేను ఉండబట్టలేక కల్పించుకున్నాను. “నీడ తీసేస్తే అన్నీ తేలిపోతాయండీ.”

“తేలనివ్వండి మేడమ్. తేలడానికి నిబంధనల్లో అభ్యంతరం లేదు.”

తర్వాత ఆయన కన్ను గుండుసూదుల మీద పడింది. మొహం గంభీరమైంది. రికార్డుల్లో గుండుసూదులు వాడరాదని, అవి తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయని, దారం ట్యాగులు మాత్రమే వాడాలని చాలాకాలంగా ఆదేశం ఉందట. ముత్యాలరావుగారు ఆ సూదిని గోటితో లాగి చూశారు. రాలేదు. సొరుగులోంచి పిన్నులు పీకే సాధనం తీశారు.

“అయ్యో, గీతలు పడతాయండీ బాబూ!” అని వారిజ ట్యాబ్ వెనక్కి లాక్కుంది.

“చూశారా?” అన్నారు ఎ.డి.గారు. “రావడం లేదు. అప్పుడే తుప్పు పట్టేసింది.”

ఆ పేజీలోనే నలుపు-తెలుపు ఫోటోలో బోసినవ్వు నవ్వుతున్న పిల్లాడున్నాడు. ఎడమ బుగ్గ మీద పావలాకాసంత దిష్టిచుక్క. ఎ.డి.గారు జేబురుమాలు తీసి ఆ చుక్కని తుడిచారు. అది పోలేదు.

“ఈ మరక ఎలా పడింది?”

“అది మరక కాదండీ, దిష్టిచుక్క. వాళ్లమ్మ పెట్టింది.”

“పెట్టినవారెవరన్నది మండలికి అప్రస్తుతం. ముత్యాలరావుగారూ, నల్లమరక ఒకటి, ఎడమ బుగ్గ. తొలగించవలెను.”

ఆయన మరకను చూశారు గాని మొహం చూడలేదు. చూసి ఉంటే కథ అక్కడే ముగిసిపోయేది.

విచారణ పూర్తయ్యేదాకా నమూనా మండలి అధీనంలో ఉంటుందన్నారు. వారిజ ట్యాబ్ ఆపేసి ఇచ్చింది. దాన్ని తెల్లగుడ్డ పట్టీతో నాలుగు వైపులా చుట్టి, ముడి మీద లక్క కరిగించి సీలు వేశారు. ఛార్జింగ్ పెట్టే కన్నం మీద కూడా ఒక బొట్టు వేశారు.

తిరిగి వచ్చేటప్పుడు కాలవ వంతెన దగ్గర వారిజ ఆగింది.

“కార్డు పోతే పోయిందక్కా. కార్డు లేకపోతే నా ఇంట్లో కూర్చుని చేసుకుంటాను. ఎలీసమ్మగారి పిల్లలందరూ ఆ గుడ్డలో ఉన్నారు. వచ్చే ఏడాదికి ఆవిడకి ఆ మాత్రం చూపైనా ఉంటుందా?”

వంతెన మీద మరమరాలమ్మే ఆమె దగ్గర రెండు పొట్లాలు కొన్నాను.

వారం తిరక్కుండా కమిటీ నిర్ణయం వచ్చింది. చాలా సానుకూలమైన నిర్ణయమని ఎ.డి.గారే స్వయంగా చెప్పారు. డిజిటల్ ఆల్బమ్‌లోని పేజీలన్నిటినీ ముందుగా కాగితం మీద ముద్రించాలి. ముద్రించినదాన్ని కత్తెరతో ముక్కలుగా కత్తిరించాలి. ఆ ముక్కల్ని మళ్లీ యథాస్థానంలో జిగురుతో అతికించాలి. అప్పుడది నిస్సందేహంగా హస్తకళ అవుతుంది. ఆ హస్తకళను ఫోటో తీస్తే నిస్సందేహంగా డిజిటల్ అవుతుంది.

“అంటే చివరికి వచ్చేది మొదట ఉన్నదే కదండీ?” అంది వారిజ.

“ఫలితాన్ని పట్టుకుని వేళ్లాడకూడదమ్మా. ప్రక్రియ ముఖ్యం.”

ప్రక్రియ మండలి ఆఫీసులోనే, పరిశీలకుని సమక్షంలో జరగాలి. పరిశీలకుడు ముత్యాలరావుగారు. పంచనామా రాసి సీలు పగలగొట్టారు, పేజీలు ముద్రించారు, మళ్లీ సీలు వేశారు. ఇంటినుంచి నేను నా కత్తెర పట్టుకెళ్లాను గానీ, దరఖాస్తుదారు హస్తం మాత్రమే చెల్లుతుందని నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు.

వారిజ కత్తెర పట్టుకుంది. ఒక పేజీ పూర్తయ్యేసరికి బొటనవేలు ఎర్రబడింది. రెండో పేజీలో చంటి అనే పిల్ల చుట్టూ కత్తిరిస్తూ, ఆగి, చేయి విదిలించింది. తర్వాత ఎడమచేత్తో పట్టుకోబోయింది. కత్తెర జారి బల్ల మీద పడింది.

ముత్యాలరావుగారు తలుపు వైపు చూశారు. లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేశారు.

“ఇలా ఇవ్వండమ్మా. మా ఆవిడకీ ఇదే నొప్పి. అప్పడాలు ఒత్తీ ఒత్తీ వచ్చింది.”

“మీకు మాటొస్తుందేమోనండీ.”

“పరిశీలించాలంటే దగ్గరనుంచి పరిశీలించాలి కదమ్మా. చేత్తో పట్టుకుని పరిశీలిస్తున్నాను.”

పరిశీలన సాయంత్రం దాకా సాగింది. మొదట్లో ఆయన ఫైలు కాగితాలు కోసినట్టు అడ్డంగా నిలువుగా కోశారు. నాలుగో పేజీకి నాలుక కొంచెం బయటపెట్టి, వంపులు తిప్పడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం క్యారేజీ తెరవలేదు. ఎవరో సంతకానికి వస్తే, “రేపు రండి, చేతికి జిగురుంది” అన్నారు. వారిజ పక్కన కూర్చుని, “అక్కడ కొద్దిగా వదలండి... చెవి తెగిపోద్ది... ఆఁ, అంతే” అని చెబుతూ ఉంది. నీడలు కత్తిరించి పక్కన పెట్టమని ఆదేశం కాబట్టి, ఆయన వెంట్రుకల్లాంటి ఆ నల్ల ముక్కలన్నీ ఏరి, ఒక కవరులో వేసి, పైన ‘నీడలు’ అని రాసి ఫైలుకి జత చేశారు. గుండుసూదుల బదులు ఆకుపచ్చ ట్యాగులు కట్టారు. బుల్లిబాబు పేజీ వచ్చేసరికి ఆదేశం గుర్తొచ్చి, సొరుగులోంచి వైట్నర్ సీసా తీసి, ఎడమ బుగ్గ మీద శ్రద్ధగా ఒక చుక్క పెట్టారు. నల్లమరక తొలగిపోయింది. బుగ్గ మీద తెల్లటి బిళ్ల ఒకటి మిగిలింది.

“ఇది ఇంకా దారుణంగా ఉందండీ” అన్నాను.

“తెల్లమరక గురించి ఆదేశంలో లేదు మేడమ్” అన్నారాయన నిట్టూర్చి.

అన్నీ ఫోటోలు తీశారు. ఇక ట్యాబ్ ఇచ్చేస్తారేమోనని వారిజ లేచి నిలబడింది. అది మూల నమూనా అనీ, ఆడిట్ అయ్యేదాకా ఇవ్వరనీ, అయితే దాతలైన మా మహిళామండలి కోరిక మేరకు మేళాలో ప్రదర్శిస్తారనీ తెలిసింది.

మేళా రోజున మండలి మైదానంలో షామియానాలు వేశారు. ద్వారం దగ్గర సింహాచలం కుండపెంకుల ఫోటో ఏనుగంత చేసి పెట్టారు. అతను దాని ముందు నిలబడి, వచ్చినవాళ్లకి మంచినీళ్ల కూజాలు అమ్ముకుంటున్నాడు. అవి డిజిటల్ కావు కాబట్టి అతనికి లోపల చోటు దొరకలేదు.

వేదిక మీద ఎ.డి.గారు మాట్లాడారు. జిల్లాలో హస్తమూ డిజిటలూ చేయి చేయి కలిపాయన్నారు. తర్వాత ఆ ఏటి ఉత్తమ డిజిటల్ హస్తకళాకారుడి పేరు చదివారు. పేజీలు పరిశీలించిన కమిటీకి అందులో దరఖాస్తుదారు హస్తం రెండు పేజీల్లోనే కనిపించిందట. మిగతా పేజీలన్నిటిలో స్పష్టంగా కనిపించిన హస్తం శ్రీ ముత్యాలరావుగారిది. ఆయన్ని పిలిచి మెడలో దండ వేశారు. ఆయన తల వంచుకుని మెట్లు దిగి, నేరుగా మా దగ్గరికి వచ్చి, దండ తీసి వారిజ పక్క కుర్చీ మీద పెట్టి, పక్కకి వెళ్లి నిలబడ్డారు.

ఎలీసమ్మగారు తెల్లచీర కట్టుకుని, మనవరాలి భుజం పట్టుకుని వచ్చారు. ఆవిణ్ణి ఆల్బమ్ దగ్గరికి తీసుకెళ్లాం. అద్దాల పెట్టె. లోపల లక్క సీళ్లతో, గుడ్డపట్టీలతో ట్యాబ్. తెర నల్లగా ఉంది. పెట్టె మీద ‘హస్తకళాఖండము - చేతితో తాకరాదు’ అని బోర్డు. పక్కనే పీఠం మీద ముత్యాలరావుగారి కాగితం ఆల్బమ్ తెరిచి పెట్టారు.

ఆవిడ ముందు అద్దంలోకి వంగి చూశారు. “ఎవరో ముసలావిడ కనిపిస్తోందమ్మా” అన్నారు. అది ఆవిడ నీడే. తర్వాత కాగితం మీదికి వంగారు. ముక్కు కాగితానికి తగిలేదాకా వంగారు. “మొహాలున్నాయంటారా?” అని అడిగి, మమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక, “బాగుంది, బాగుంది” అని కాగితాన్ని అరచేత్తో నిమిరారు. వారిజ మొహం పక్కకి తిప్పుకుంది.

అప్పుడే ఫోటోలిచ్చిన తల్లులు గుంపుగా వచ్చారు. అందరికన్నా ముందు ఎనభై దాటిన రత్తమ్మగారు, చేతిలో కర్ర.

“మావాడిదేదే? బుల్లిబాబుగాడిది? నేనిచ్చిన ఫోటో ఉందా?” అంటూ పేజీలు తిప్పి, ఆగిపోయింది. “ఇదేంటే? నా బిడ్డ బుగ్గకి సున్నం రాసిందెవరే?”

ముత్యాలరావుగారు తన చెప్పుల వైపు చూసుకున్నారు.

“దిష్టి తగలకుండా నా చేత్తో పెట్టిన చుక్క. మట్టి అటికెలో ఆముదం దీపం మసి పట్టి మరీ పెట్టాను. దాన్ని చెరిపిందెవరే అంటే మాట్లాడరేం?”

గొడవ విని ఎ.డి.గారు వేదిక దిగి వచ్చారు. “ఎవరమ్మా ఇక్కడ? నల్లమరక తొలగింపు మండలి ఆదేశానుసారం...”

రత్తమ్మగారు వెనక్కి తిరిగింది.

“ఒరేయ్ బుల్లిబాబూ. నువ్వేనా?”

ఎ.డి.గారు మా వైపు చూశారు, పేజీ వైపు చూశారు. ఆయన చెయ్యి ఎడమ బుగ్గ మీదికి దానంతటదే వెళ్లింది.

“అమ్మా, నువ్వు ఇంటికెళ్లు. ఇది ఆఫీసు వ్యవహారం.”

“నీ మొహం ఆఫీసు వ్యవహారం ఎప్పుడయ్యిందిరా? అసలు పుస్తకం ఏది? ఎలీసమ్మగారికి మొహాలు కనపడేటట్టు చేసింది ఉందన్నారే, ఈ పిల్ల చేసింది?”

వారిజ అద్దాల పెట్టె చూపించింది.

“తియ్యరా.”

“అలా తీయడానికి లేదమ్మా. సీలు విప్పాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చోవాలి.”

రత్తమ్మగారు కర్ర నేల మీద తాటించింది. “నువ్వు అడ్డం తిరిగి కడుపులో కూర్చుంటే నిన్ను బయటికి తియ్యడానికి ఏ కమిటీ కూర్చుందిరా? కరెంటు లేదు, డాక్టరు లేడు. ఈవిడొక్కత్తే లాంతరు పెట్టుకుని తీసింది.”

ఎ.డి.గారు జేబులోంచి తాళం తీశారు. పెట్టె తెరిచారు. లక్కని బొటనవేలితో నొక్కి విరిచారు. “సీలు రవాణాలో దెబ్బతిన్నట్టు నమోదు చేయండి” అని ముత్యాలరావుగారితో మెల్లగా అన్నారు.

ట్యాబ్ వెలగడానికి కొంచెం టైము పట్టింది. వారిజ ఎలీసమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్లో పెట్టి, ఆవిడ రెండు వేళ్లూ పట్టుకుని తెర మీద దూరంగా జరిపించింది. బుల్లిబాబు మొహం తెరంతా నిండింది. దిష్టిచుక్క రూపాయి బిళ్లంత అయ్యింది.

ఎలీసమ్మగారు వేళ్లు మళ్లీ జరిపారు. ఈసారి వారిజ సాయం లేకుండా.

“ఈ చుక్క పెట్టుకున్నవాడు... రత్తమ్మా, మీవాడు కదూ? కాళ్లు ముందొచ్చాయి. ఏడవలేదు. నీలంగా ఉన్నాడు. పిర్ర మీద ఒకటిచ్చాను, ఏడవలేదు. ఇంకొకటిచ్చాను. అప్పుడు లంకించుకున్నాడు చూడు, గేటు దాకా వినపడింది.” తల ఎత్తి చుట్టూ వెతికారు. “ఎక్కడున్నాడిప్పుడు? ఏం చేస్తున్నాడు?”

“ఇక్కడే ఉన్నానండి” అన్నారు ఎ.డి.గారు. ఏం చేస్తున్నదీ చెప్పలేదు.

ఆవిడ చెయ్యి చాపితే ఆయన వంగారు. ఆవిడ ఆయన ఎడమ బుగ్గ తడిమి, మళ్లీ తెర మీదికి వంగారు. తల్లులందరూ వెనక చేరి, మాది, మాది అంటున్నారు. ఆవిడ ఒక్కొక్క మొహమే పెద్దది చేసుకుంటూ, బరువు ఎంతో, ఏ వాన రాత్రో చెబుతూ ఉన్నారు. అమ్మాజీ పేజీ దగ్గర ఆగిపోయారు. మణికట్టు చీటీ దగ్గర గోటితో తెరని గీకారు. మళ్లీ గీకారు.

“అమ్మాయ్, ఇక్కడ గుండుసూది ఉండిపోయింది. తీసెయ్యమ్మా. పసిపిల్లలు, గుచ్చుకుంటుంది.”

అది నిజం సూది కాదని చెబుదామని నేను నోరు తెరిచాను. వారిజ నా చెయ్యి పట్టుకుని ఆపింది. వంగి, చూపుడువేలితో సూదిని తాకి తీసేసింది. దాని కింద ఉన్న వెంట్రుకంత నీడని కూడా వెతికి తీసేసింది. తర్వాత బుల్లిబాబు పేజీకి వెళ్లి తీసింది, చంటి పేజీకి వెళ్లి తీసింది. అలా అందరి దగ్గరనుంచీ తీస్తూ పోయింది. మిగతా నాలుగు వేళ్లూ ఊరికే ఉన్నాయి.

“గుండుసూదులు తొలగించబడినవని రాసుకోండి” అని మా వెనకనుంచి ఎ.డి.గారి గొంతు వినిపించింది.

ముత్యాలరావుగారు రాసుకోలేదు. ఆయన తన కుర్చీ తెచ్చి వారిజ పక్కన వేసుకుని, నీడ ఎలా తీస్తారో చూస్తున్నారు.